వాగు పుస్తకం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, నా కూతురు ఎవరి ముందు ఎప్పుడు నిజం చెప్పేస్తుందో అని.

పాముకి భయపడను. చలిజ్వరానికి కూడా అంత భయపడను, బిళ్ళలిచ్చే నర్సమ్మ వారానికోసారి వస్తుంది. ఎస్తేరు సంగతి అలా కాదు. అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. ఎవరు ఏది అడిగినా కళ్ళల్లోకి చూసి ఉన్నదున్నట్టు చెప్పేది. ఒకసారి మా ఇంటికొచ్చిన పాస్టరు గారు "మీ అమ్మ రోజూ ప్రార్థన చేస్తుందా తల్లీ" అని అడిగితే, "చేస్తదండి, మధ్యలో నిద్రపోతది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత సంవత్సరం జరిగింది మాత్రం నవ్వేది కాదు.

మాది సత్తుపల్లి వైపు. ఏడో తరగతి మధ్యలో మా అమ్మ మంచాన పడితే నన్ను హాస్టల్ నుంచి తీసుకొచ్చేశారు, మళ్ళీ పంపలేదు. పదిహేడో ఏట ఆదాముతో పెళ్ళయింది. పని వెతుక్కుంటూ ఇద్దరం టేకులపల్లి దాటి ఈ అడవి అంచుకి వచ్చాం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నలభై ఎకరాల పత్తి వేసిన బసవపున్నయ్య గారి దగ్గర పురుగుమందు కొట్టే పని ఆదాముది. పంపు వీపున తగిలించుకుని పొద్దున్నే చేలో దిగితే, మధ్యాహ్నానికి కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేవి. మాకంటూ ఒక జత ఎడ్లు, రెండెకరాల చెలక ఉన్నాయి. ఊరి పక్కనే తునికివాగు. అడవిలో పుట్టి, పత్తి చేల పక్కగా వచ్చి, కింద కోయగుంపు, అంటే కోయవాళ్ళ పల్లె, దాటి పోతుంది. చలికాలం చివరికి వాగు మడుగులు మడుగులుగా మిగిలి, మడుగుకీ మడుగుకీ మధ్య చీర అంచంత ధార మాత్రం పారేది.

ఆ మడుగుల్లో చేపలు పట్టడం మా వాళ్ళు కోయవాళ్ళని చూసి నేర్చారు. వాళ్ళు ఎండాకాలంలో ఒకే ఒక్క రోజు, గుంపంతా కలిసి, అడవి నుంచి మంగకాయలు తెచ్చి దంచి ఆ పిండి మడుగులో కలుపుతారు. చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. కావలసినవి ఏరుకుని, పై గట్టు తెంచి కొత్త నీళ్ళు వదిలితే మిగిలినవి మళ్ళీ ఈదుకుంటూ పోతాయి. మా వాళ్ళు గట్టున నిలబడి చూసింది తేలడం వరకే. మంగకాయల కోసం అడవంతా ఎవరు తిరుగుతారు, మన దగ్గర మందు లేదా అనుకున్నారు. పత్తికి కొట్టగా డబ్బా అడుగున మిగిలిన ఎండ్రిన్ సీసాలో పోసుకొచ్చి, మూతెడు మడుగులో పోస్తే చాలు. గంటలో పరకలు, జెల్లలు, కొర్రమీన్లు తెల్లటి పొట్టలతో తేలేవి.

ఆదాము శుక్రవారం సాయంత్రాలు పోసేవాడు. తెచ్చిన చేపల కడుపులు తీసేసి, చింతపండు నీళ్ళతో, రాళ్ళ ఉప్పుతో మూడుసార్లు రుద్ది కడిగితే మందు పోతుందని ఊళ్ళో ఆడవాళ్ళందరి నమ్మకం. నేను ఐదుసార్లు కడిగేదాన్ని, నాకు భయం ఎక్కువ గనక. అంత కడిగాక ఇంకేం మిగులుతుందిలే అనుకుని పిల్లకి ముల్లు తీసి పెట్టేదాన్ని.

ఎనభై మూడులో బడికి కొత్త సారు వచ్చాడు. సీతయ్య. గోదావరి అవతలి గుంపుల్లో పుట్టిన కోయ మనిషి. పొడుగ్గా, సన్నగా, కొంచెం వంగి నడిచేవాడు. జేబులో ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. పెన్నుల పక్కనే బీడీ కట్ట. బడి పక్క గదిలోనే ఒంటరిగా ఉండేవాడు.

నాకు మొదటి అనుమానం ఆయన సంచి మీద వచ్చింది. నడుస్తుంటే అందులో గాజు శబ్దం. చూస్తే దవాఖానాలో పారేసిన మందు సీసాలు, కడిగి, మూతలు పెట్టినవి. చదువు చెప్పేవాడికి సీసాలెందుకు? రెండో అనుమానం శనివారాలు. శనివారం మధ్యాహ్నం బడి మూసి పిల్లలందర్నీ వాగు వెంట తిప్పేవాడు. ఒక లావుపాటి పుస్తకం, దాని అట్ట మీద 'వాగు పుస్తకం' అని రాసి ఉంది. వారానికొక పిల్లో పిల్లాడో అందులో రాయాలి.

బోరింగు దగ్గర బిందె పెట్టి, తండా నుంచి వచ్చిన రూప్లి చెప్పింది, "ఫారెస్టోళ్ళు పంపిన మనిషే అక్కా. లేకుంటే మోడులు లెక్కబెట్టుడు ఆయనకెందుకు?"

"మోడులా?"

"అవ్. మా పిల్లతోని రాయించిండు. కొట్టేసిన టేకు మోడులు పదిహేడు, ఇప్ప మోడులు నాలుగు. మా ఆయన నాగలికని ఒకటి కొట్టిండు. గది గూడ అందుల ఉన్నట్టే గద!"

"పేర్లు కూడా రాయిస్తున్నాడా?"

"నాకు చదువొస్తదా? నీకొస్తది గదా, పోయి చూడరాదు. చదువుకున్నోళ్ళు గిట్ల బోరింగు కాడ నన్ను అడుగుడేంది?" అని నవ్వి బిందె ఎత్తుకుంది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకు ముందు రోజే ఎస్తేరు ఎగురుకుంటూ వచ్చి చెప్పింది, "అమా, వచ్చే శనివారం రాసే వంతు నాది!"

ఆ శనివారం నేను ఎస్తేరు చంటితమ్ముణ్ణి చంకనేసుకుని, ఉతకాల్సినవీ ఉతకనక్కరలేనివీ అన్నీ మూటగట్టి వాగుకి పోయాను. బండ మీద గుడ్డ పెట్టి, చెవులు మాత్రం అటే పెట్టాను.

ముందు అడవిలో ఉన్న పై మడుగు దగ్గర కూర్చున్నారు. తర్వాత పత్తి చేల పక్కనున్న పెద్ద మడుగు. సారు ఒక్కో చోట సీసా ముంచి నీళ్ళు పట్టి, ఎండకేసి ఎత్తి, పిల్లలందరికీ చూపించాడు. చూసినంతసేపు చూసి, లోపల కదిలే ప్రాణులు చావకుండా మళ్ళీ మెల్లగా మడుగులోనే వంచాడు. అది నేను కళ్ళారా చూశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

"పై మడుగుల ఏమున్నయిరా?" అన్నాడు సారు.

"పరకలు సార్. పీతలు. కప్పలు రెండు. తూనీగ పిల్లలు."

"మరి ఈడ?"

"దోమ పిల్లలు సార్. మస్తుగ ఉన్నయ్."

"ఒక్కటే వాగు గద. గాడ లేని దోమ పిల్లలు ఈడ ఎందుకున్నయి?"

ఎస్తేరు చెయ్యెత్తింది. "తినేవి లేవు సార్. పరకలుంటే దోమ పిల్లల్ని తినేస్తయి."

"మంచిది. పరకలెందుకు లేవు?"

నా చేతిలో గుడ్డ జారి నీళ్ళలో పోయింది. ఎస్తేరు తలతిప్పి చూసింది. బండ మీద నేను కనిపించాను. అది నోరు తెరిచి, మూసి, "ఇంట్ల అడిగి చెప్తా సార్" అంది.

"అడుగు. అందరు అడుగుండ్రి. ఇదివరకు ఈ మడుగుల ఏమేముండెనో, ఎప్పటికెళ్ళి పోయినయో పెద్దోళ్ళను అడిగి రాసుకరాండ్రి. వాగుకు మనం ఏం జేస్తమో, అది మళ్ళ తిరిగి మన ఇంటికే వస్తది. జ్వరమై వస్తదో, ఇంకేమై వస్తదో చూద్దాం."

తిరిగి మన ఇంటికే వస్తదట. ఆ మాట నన్ను చూసే అన్నాడనిపించింది.

ఇంటికొచ్చి ఆదాముతో చెబితే నవ్వాడు. "పంతులు దోమలు లెక్కపెడితే నీకేం భయమే? లెక్కపెట్టుకోనీ. జీతమిచ్చేది అందుకే."

"ఎందుకు లేవు అని అడుగుతున్నాడయ్యా. అడుగుతూ మన పిల్లనే చూస్తున్నాడు. నువ్వు పోస్తుంటే బుట్ట పట్టుకుని పక్కన నిలబడేది అదే కదా."

"అయితే దాన్ని తీసుకెళ్ళనులే" అన్నాడు. నవ్వుతూనే లేచి, చూరులో దోపిన సీసా తీసి గడ్డివాములోకి మార్చాడు. అప్పుడు తెలిసింది, భయం నాకొక్కదానికే కాదని.

సారు మనసులో ఏముందో తెలుసుకుందామని ఒక గిన్నెలో చేపల పులుసు పోసి ఎస్తేరుతో పంపాను. గిన్నె అలాగే తిరిగొచ్చింది.

"తినడంట అమా. ఏ మడుగు చేపలని అడిగిండు."

"నువ్వేం చెప్పావ్?"

"పెద్ద మడుగువి అని. మీరు గూడ తినొద్దు, అమ్మకు చెప్పు అన్నడు."

కోయ మనిషి చేపలు వద్దంటాడా? గోదావరి ఒడ్డున పుట్టినవాడు? అంటే తెలిసిపోయింది. తెలిసి కూడా పైకి అనడంలేదు. ఎప్పుడు అనాలో చూసుకుంటున్నాడు. తినొద్దు అన్నది జాగ్రత్త చెప్పడంలా కాదు, బెదిరింపులా వినిపించింది నాకు. ఆ రోజు నుంచి సారు ఎదురైతే కొంగు సర్దుకునే నెపంతో పక్కకి తిరిగేదాన్ని. ఆయన మాత్రం "బాగున్నరా అమ్మా" అనే అనేవాడు. ఆ మర్యాద మీద కూడా నాకు అనుమానమే.

ఫిబ్రవరిలో బసవపున్నయ్య గారింటికి చుట్టాలొచ్చారు. వాళ్ళకి కొర్రమీను కావాలన్నారు. కొర్రమీను బురదలో దాక్కుంటుంది, మూతెడుకి లేవదు. ఆదాము శుక్రవారం సాయంత్రం గ్లాసెడు పోశాడు. తీసుకెళ్ళనన్న పిల్లనే మళ్ళీ బుట్ట పట్టుకోవడానికి తీసుకెళ్ళాడు, నేను చంటివాడితో సతమతమవుతున్నానని.

మర్నాడు పొద్దున్న కింద గుంపులో జంపక్క ఎద్దు వాగులో నీళ్ళు తాగి పడిపోయింది.

జంపక్క మొగుడు లేని మనిషి. మూడెకరాల పోడు, ఒక జత ఎడ్లు, తన రెండు చేతులు. వాగు వెంట పిల్లలు తిరిగొచ్చి బడి అరుగు మీద కూర్చునే వేళకి, చచ్చిన ఎద్దు మెడలోని గంట చేత్తో పట్టుకుని వచ్చింది. వెనకాల గుంపు జనం. మా ఊరివాళ్ళూ ఒక్కొక్కరే చేరారు. బసవపున్నయ్య గారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆదాము చేలో ఉన్నాడు.

"నోట్ల నురగొచ్చి నా కండ్ల ముంగట కాళ్ళు కొట్టుకుని సచ్చింది" అంది జంపక్క. ఏడవలేదు. "వాన పడితె కాడికి ఒక పక్క ఎద్దును గట్టి, రెండో పక్క నేను మెడ పెట్టాల్నా? చెప్పుండ్రి. మా మంగకాయను జూసి నేర్చిండ్రు మీరు. గది గూడ సగమే నేర్చిండ్రు. పోసుడు నేర్చిండ్రు, ఇడిసిపెట్టుడు నేర్వలే. ఎవరు పోసిండ్రు?"

పోయని ఇళ్ళు మా ఊళ్ళో ఎన్నో లేవు. కానీ ఆ శుక్రవారం పోసింది ఒక్కరే.

జంపక్క సారు వైపు తిరిగింది. "సారూ, నీ బుక్కుల రాసుంటది గద. సదువు."

అందరి కళ్ళూ ఆ పుస్తకం మీద పడ్డాయి. సారు దాన్ని తెరిచాడు. పేజీ తిప్పాడు. సరిగ్గా అప్పుడే పిల్లల మధ్యలో కూర్చున్న నా ఎస్తేరు, బడిలో చెప్పినట్టే, నిటారుగా చెయ్యెత్తింది.

"నేను చెప్తా సార్."

ఎలా దూకానో నాకే తెలియదు. దాని పక్కకి వెళ్ళి తొడ మీద గిల్లి పట్టుకుని, "ఇంకెవరు, సారే పోశాడు! నేను చూశాను. సీసాలోంచి మడుగులో పోస్తుంటే నా కళ్ళారా చూశాను. పిల్లల ముందే!" అని అరిచాను.

చూశాను. అబద్ధం కాదు. సీసా నిజం, మడుగు నిజం, పోయడం నిజం. సీసాలో ఉన్నవి అదే మడుగు నీళ్ళన్నది ఒక్కటే నేను చెప్పలేదు.

"అదీ సంగతి!" అన్నారు బసవపున్నయ్య గారు కుర్చీలో ముందుకి జరిగి. "నేననుకుంటూనే ఉన్నా. ఆ సీసాలేంటి, ఆ తిరుగుళ్ళేంటి!"

సారు నన్ను చూడలేదు. ఎస్తేరుని చూశాడు. పిల్ల చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నేను గిల్లిన నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం దించలేదు.

"చెయ్యి దించమ్మా" అన్నాడు మెల్లగా. పుస్తకం మూసేశాడు. "జంపక్కా, నీళ్ళల్ల మందు గలిసింది. వారం పది రోజులు గొడ్లను వాగు దిక్కు తోలకుండ్రి. పిల్లలను గూడ."

"ఎవరు అని అడుగుతున్న."

"నా పుస్తకంల పేరు లేదు."

ఉంది. కచ్చితంగా ఉంది. పోయిన వారాలన్నీ రాసింది నా కూతురూ, దాని తోటి పిల్లలే కదా. మరి లేదని ఎందుకన్నాడు? నా దగ్గర నుంచి ఏం కావాలి ఈ మనిషికి?

రెండు రోజుల్లో బసవపున్నయ్య గారి గుమాస్తా, బళ్ళ పెత్తనం చూసే సమితి ఆఫీసుకి కాయితం రాశాడు. పిల్లలకి పాఠాలు చెప్పకుండా వాగు వెంట తిప్పుతున్నాడని, నీళ్ళలో ఏవేవో కలుపుతున్నాడని. అన్నీ వేలిముద్రలే. సంతకం ఒక్కటే, నాది. 'సంతకం ఉంటే బరువుంటుంది విశ్రాంతమ్మా' అన్నాడు గుమాస్తా. ఆగిపోయిన నా ఏడో తరగతి అన్నేళ్ళకి అలా ఉపయోగపడింది.

ఏప్రిల్లో సారుకి బదిలీ అయింది. గోదావరి దాటి, చర్ల కూడా దాటి, లోపల అడవిలో ఒక బడికి. బస్సెక్కే ముందు మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. రేకు పెట్టె భుజాన, పుస్తకం చేతిలో.

"అమ్మా, ఇది మీ ఇంట్ల ఉంచుండ్రి. బడిల చెదలున్నయి. కొత్త సారొస్తే ఇయ్యుండ్రి. గప్పటిదాక శనివారం శనివారం ఎస్తేరు రాస్తది."

"మా ఇంట్లో ఎందుకండీ?"

"మీకు చదువొస్తది గద" అన్నాడు. అంతే. గుమ్మం లోపల నిలబడ్డ ఎస్తేరు వైపు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

ఇదేదో ఉచ్చు అనిపించింది. ఎప్పుడో ఎవరో వచ్చి వెతుకుతారు, పుస్తకం మా ఇంట్లోనే దొరుకుతుంది, ఇంక చెప్పేదేముంది! తెరిచి చూడ్డానికి కూడా చేతులు రాలేదు. జొన్నల కుండలో అడుగున పెట్టి, పైన జొన్నలు పోసి, మూత మీద రాయి పెట్టాను.

ఈలోపు ఇంట్లో ఇంకొకటి జరుగుతోంది, నేను ఆలస్యంగా చూశాను. ఎస్తేరు మారిపోయింది. "అన్నం తిన్నావా?" అని అడిగితే ముందు నా మొహం చూసేది. ఏం చెబితే నాకు బాగుంటుందో వెతుక్కుని, అప్పుడు చెప్పేది. "తిన్నా" అనేది, గిన్నె చూస్తే అలాగే ఉండేది. కడుపునొప్పా అంటే "లేదు" అనేది, మూలకి పోయి ముడుచుకునేది. నేను అన్నాళ్ళూ దేనికి భయపడ్డానో అది ఇక జరగదు. పిల్ల నిజం చెప్పడం మానేసింది. నాకు ఊపిరి తేలిక పడాలి కదా? పడలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆదాము అన్నాడు, "దాన్ని పొయ్యిలో పెట్టెయ్యవే. ఎన్నాళ్ళు కుండకి కాపలా కాస్తావు?"

పొయ్యి ముందు కూర్చున్నాను. పుస్తకమంతా కాల్చడానికి మనసొప్పలేదు. పిల్లల చేతిరాత. ఎస్తేరు రాసిన పేజీ ఒక్కటీ చింపి పొయ్యిలో పెడదామని వెతికాను. దొరికింది. గుండ్రటి అక్షరాలు, దానివే.

'పోయిన నెల ఒక శుక్రవారం మా నాన్న పెద్ద మడుగులో మందు పోసినాడు. పరకలు, జెల్లలు అన్నీ తేలినాయి. చిన్నవి మేము ఏరలేదు. శనివారం చూస్తే అవి కుళ్ళినాయి. కొంగ రాలేదు.'

'మా నాన్న' అన్న రెండు మాటల మీద ఎర్ర పెన్నుతో గీత. పైన 'ఒక మనిషి' అని ఉంది. అంచున సన్నటి అక్షరాలతో రాశాడు: 'పేరు రాయకు తల్లీ. మడుగుకు ఏమైందో రాయి. పేరు రాస్తే అందరూ మనిషినే చూస్తారు, మడుగును చూడరు. ఆ మనిషి రేపు మానుకోవచ్చు గదా.'

తేదీ చూశాను. ఎద్దు చావడానికి రెండు నెలల ముందుది.

మిగతా పేజీలు తిప్పాను. చదవడం అలవాటు తప్పి కూడబలుక్కుంటూ చదివాను. 'బసవపున్నయ్య గారి చేను నీళ్ళు' కొట్టేసి 'పత్తి చేను నీళ్ళు'. రూప్లి కూతురు రాసిన 'మా బాపు టేకు కొట్టిండు' దగ్గర 'నాగలికి ఒక టేకు'. అన్ని పేజీల్లో అంతే. ఏ పేరూ మిగల్లేదు. ఒక్కచోట మాత్రం ఎవరో పిల్లాడు రాశాడు: 'సీతయ్య సారు తాగి పారేసిన బీడీకి గట్టు మీద గడ్డి తగలబడ్డది. రెండు పిట్ట గూళ్ళు కాలినయి.' ఆ పేరు మీద గీత లేదు. కింద ఎర్ర అక్షరాల్లో, 'నిజం. ఇక వాగు దగ్గర తాగను' అని ఉంది.

పొయ్యి ఆరిపోయింది. ఆదాము వచ్చి "ఇంకా కాల్చలేదా" అంటే, చదివి వినిపించాను. ఆయనకి చదువు రాదు. 'ఆ మనిషి రేపు మానుకోవచ్చు గదా' దగ్గర "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. లేచి గడ్డివాములోంచి సీసా తీశాడు. వాగుకి దూరంగా, మెరక మీద నడుం లోతు గొయ్యి తీసి పూడ్చిపెట్టాడు.

మర్నాడు మా జతలో ఒక ఎద్దుని విప్పి, ఇద్దరం కింద గుంపుకి పోయాం. జంపక్క గుడిసె ముందు గుంజకి కట్టి ఆదాము చెప్పాడు, తలొంచుకుని, మొత్తం. నా వంతు నేను చెప్పాను.

జంపక్క ఎద్దు దగ్గరికొచ్చింది. దాని నోరు తెరిచి పళ్ళు చూసింది. మెడ తడిమింది. తర్వాత అంది, "సచ్చింది నా దాపటి ఎద్దు. గిది వలపటిది. ఎడమ దిక్కు నడవనే నడవదు. దీనికి మళ్ళ చదువు నేర్పాల్నా నేను?"

"నేను నేర్పుతా అక్కా" అన్నాడు ఆదాము.

"నేర్పు. పొద్దున్నే రా. గంజి గింజి పోస్తనని మాత్రం అనుకోకు." నా వైపు తిరిగింది. "ఎద్దుకు ఎద్దు ఇచ్చిండ్రు, సరే. సారుకేమిస్తరు?"

ఇంటికి రాగానే ఎస్తేరు దగ్గర కాయితం, పెన్ను అడిగాను.

తొలకరి దాకా ఆదాము రోజూ పోయి ఆ ఎద్దుని ఎడమ పక్కన నడిపించాడు. నేను సమితి ఆఫీసుకి ఒక కాయితం రాశాను, నా సంతకం ఉన్న పాత కాయితం అబద్ధమని. జవాబు రాలేదు. సారు పేర ఒక కార్డు వేశాను, చిరునామా సరిగా లేదని తిరిగొచ్చింది. ఊరి పేరు కనుక్కుని ఇంకొకటి వేశాను. అది తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. మా వైపు బస్సు కండక్టరు దేవ్‌సింగ్ చెప్పాడు, అటు లోపల బళ్ళలో వానాకాలం జ్వరాలు బాగా ఉన్నాయని, ఒక సారుని మంచం మీద మోసుకొచ్చి బస్సెక్కించారని విన్నానని. "ఏ సారు?" అంటే, "గది తెల్వదమ్మా, పొడుగాయనంట" అన్నాడు. పొడుగు మనుషులు ఎంతమంది లేరు!

మా బడికి కొత్త సారు ఇంకా రాలేదు. శనివారాలు ఎస్తేరు, రూప్లి కూతురు పుస్తకం పట్టుకుని వాగుకి పోతారు. మొన్న పెద్ద మడుగు దగ్గర ఏమున్నాయే అని అడిగాను. నా మొహం చూడకుండానే చెప్పింది, "నీటి మీద నడిచే పురుగులు ఆరు. కప్ప ఒకటి. చేపలు ఇంకా లేవు." తర్వాత, "అమా, నువ్వు నన్ను గిల్లినది గూడ రాయాల్నా?" అంది. రాయమన్నాను. పేరుతో సహా రాయమన్నాను.

ఇది చదివే వాళ్ళలో భద్రాచలం వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒక పని చేసి పెట్టండి. చర్ల బస్సు ఆఖరు స్టాపులో దిగి, లోపలి గుంపుల నుంచి సంతకొచ్చిన వాళ్ళని సీతయ్య సారు గురించి అడగండి. పొడుగ్గా ఉంటాడు, కొంచెం వంగి నడుస్తాడు, సంచిలో గాజు సీసాలు మోగుతుంటాయి. జ్వరం వచ్చి తగ్గిందా, వేళకి తింటున్నాడా, వండిపెట్టే వాళ్ళున్నారా, ఒకసారి చూడండి. చూసి ఒక కార్డు ముక్క రాయండి. ఎవరు పంపారని ఆయన అడిగితే పేరు దాచకండి. ఆదాము పెళ్ళాం, ఎస్తేరు వాళ్ళమ్మ, విశ్రాంతమ్మ అడగమందని చెప్పండి.